దాలమ్మ అడిగిన నూట పన్నెండు ప్రశ్నలు

ఖరగ్‌పూర్ నింపురా రైల్వే క్వార్టర్లలో మా వీధి ఆడవాళ్లు ఏ అవసరం వచ్చినా ముందు దాలమ్మ తలుపే తట్టేవాళ్లు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా నాలుగూ ఆవిడ ఒకే మాటలో కలిపేసేది. వినేవాళ్లు తమకు కావలసిన ముక్క ఏరుకునేవాళ్లు. నేను 1960లో పోలమ్మ కోడలిగా ఆ వీధికి కాపురానికి వచ్చాను. వచ్చిన మూడో రోజున మా అత్త నన్ను వెంటబెట్టుకెళ్లి దాలమ్మకు అప్పగించింది. "దీనికి బెంగాలీ ముక్క రాదు. బజార్లో దీన్ని ఎవులైనా అమ్మేసినా దీనికి తెల్దు. నువ్వే సూసుకోవాల" అంది.

దాలమ్మది టెక్కలి దగ్గర పల్లె. పద్నాలుగేళ్లకు ఎర్రయ్యను చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఎర్రయ్య కార్ఖానాలో బాయిలర్ మేస్త్రీ. ఇంట్లో మాట్లాడేది తక్కువ. మాట్లాడితే బాయిలర్ల గురించే. ఒక్కగానొక్క కూతురికి పెళ్లిచేసి వాల్తేరు పంపేశాక దాలమ్మ పొద్దు పోక రైల్వే ఆస్పత్రికి వెళ్లే ఆడవాళ్లందరికీ తోడు వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ డాక్టరు బెంగాలీ. నొప్పి ఎన్నాళ్లనుంచి అని అడిగితే మా వాళ్లు మరిది పెళ్లి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్లు. ఆ పెళ్లిలో ఎవరు అలిగారో, కూరలో ఉప్పెవరు వేశారో అంతా అయ్యేదాకా దాలమ్మ ఓపిగ్గా విని, డాక్టరు వైపు తిరిగి "పది రోజులు" అనేది. డాక్టరుకు ఆవిడంటే మహా గౌరవం. అలా పొడుగు మాటను పొట్టి చెయ్యడం ఆవిడకు అలవాటైపోయింది.

బడికి ఎప్పుడూ వెళ్లలేదు గాని తెలుగు చదవడం, రాయడం వచ్చు. తెలుగు బడి మాస్టారు జ్ఞానప్రకాశం గారు తన పిల్లలకు ఇంట్లో అక్షరాలు దిద్దిస్తుంటే, ఆ అరుగు మీద కూర్చుని ఈవిడా పలక పట్టింది. రేషను నోటీసులూ, సినిమా కరపత్రాలూ, పకోడీలు కట్టి ఇచ్చిన పేపరు ముక్కలూ వీధిలో అందరికీ ఆవిడే చదివి చెప్పేది.

1961 జనవరిలో ఒకరోజు, కుళాయి దగ్గర బిందెల వరస సాగుతుండగా, నేత చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని ఒక బెంగాలీ అమ్మాయి వచ్చింది. పేరు అణిమా లాహిరి. కలకత్తాలో పెద్ద చదువు చదువుతోంది. మనుషులు ఎలా బతుకుతారో, ఏం నమ్ముతారో అడిగి తెలుసుకుని పుస్తకం రాయడమే ఆ చదువట. ఖరగ్‌పూర్‌లోనే ఇందా అనే బెంగాలీ పేటలో మేనత్త ఇంట్లో దిగింది. చేతిలో అచ్చు కాగితాల కట్ట. ఒక్కో కట్టలో నూట పన్నెండు ప్రశ్నలు. ఆంధ్రా నుంచి వచ్చి రైల్వేలో పనిచేసేవాళ్ల నలభై ఇళ్లలో ఆ ప్రశ్నలన్నీ అడగాలి. ఆవిడకు తెలుగు రాదు. అందరూ దాలమ్మను చూపించారు.

పుస్తకం సంగతి వీధిలో ఎవరికీ సరిగ్గా ఎక్కలేదు. కాగితాలు చూసి ఇదేదో రేషను కార్డుల వ్యవహారం అనుకున్నారు. ఇంట్లో ఎంతమంది అని అడిగితే పల్లెలో ఉన్న పెదనాన్ననీ, వాల్తేరులో ఉన్న మేనల్లుడినీ, పుట్టబోయేవాళ్లనీ కూడా కలిపి చెప్పారు. మా అత్త పదకొండు చెప్పింది. మా ఇంట్లో ఉన్నది నలుగురం.

మూడో ఇంటికల్లా దాలమ్మ ఒక సంగతి కనిపెట్టింది. మేం గోల్‌బజార్లో చేపలు కొంటామని చెబితే ఆ అమ్మాయి పెన్సిలు కదలడం లేదు. ఆదివారం మ్యాట్నీకి వెళ్తామన్నా కదలడం లేదు. జ్వరం వస్తే రైల్వే ఆస్పత్రికి పోతామన్నా అంతే. అమ్మవారి ఘటాలనీ, వేపమండలనీ ఎవరైనా నోరు జారితే మాత్రం గబగబా పరిగెడుతోంది. పాపం, ఇందా నుంచి అంత దూరం వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం మర్యాద కాదని దాలమ్మకు అనిపించింది. వీధిలో అందరికీ ఆ మాట చెప్పింది. ఇంకేముంది, ఆ పెన్సిలును పరిగెత్తించడానికి ఆడవాళ్లు పోటీలు పడ్డారు. ఎప్పుడో అమ్మమ్మలు మానేసిన మొక్కులన్నీ బయటికొచ్చాయి.

మా ఇంటి వంతు వచ్చింది. దెయ్యాలను నమ్ముతారా అన్నది నలభై మూడో ప్రశ్న. మా అత్త పావుగంట మాట్లాడింది. దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు, తన ప్రాణానికి ఉన్నదల్లా ఎదురు క్వార్టర్లో ఉండే ఆడబిడ్డేనని, అది తన ఇత్తడి చెంబు పట్టుకెళ్లి నాలుగేళ్లయిందని, అడిగితే పళ్లు కొరుకుతుందని చెప్పింది. దాలమ్మ అంతా విని అణిమ వైపు తిరిగి, "ఒకటి ఉందిట. ఆడదేనట" అంది. పెన్సిలు పరిగెత్తింది.

ఎర్రయ్యకు తన వంతు కోసం మహా ఆత్రంగా ఉండేది. ఆ రోజు గడ్డం గీయించుకుని, బాయిలర్ రేకుకు రివెట్ ఎలా దిగ్గొట్టాలో చెప్పడానికి సుత్తి కూడా దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి బాయిలర్ల ఊసే ఎత్తలేదు. పనికి పోయేముందు ఏ దేవుడికి దండం పెడతారని మాత్రం అడిగింది. ఎర్రయ్యకు ఒళ్లు మండింది. "టైమాఫీసు గడియారానికి. రెండు నిమిసాలు లేటైతే ఆ దేవుడు సగం పూట మింగేస్తాడు" అన్నాడు. దాలమ్మ ఆ వెటకారాన్ని కూడా పొట్టి చేసి చెప్పింది.

చివరగా దాలమ్మ వంతు. వయసెంత అంటే ఆవిడ నవ్వి, బెంగాలీవాళ్లు పంతులమ్మను పిలిచే పిలుపుతో, "నన్ను సూత్తే ఎంతనిపిత్తే అంత రాసుకో దిదిమణీ" అంది. చూడ్డానికి ముప్పై అయిదు కంటే ఎక్కువ ఉండవంటుందని ఆవిడ ఆశ. అప్పటికి నలభై నిండాయి. అణిమ ఏమీ అనకుండా రాసుకుంది. బడికి వెళ్లారా అంటే లేదంది. అదీ రాసుకుంది. ఫొటో తీస్తానంటే దాలమ్మ గులాబీ రంగు వాయిలు చీర కట్టుకుని, ఎర్రయ్య చేతిగడియారం పెట్టుకుని, జ్ఞానప్రకాశం గారింటి నుంచి రేడియో తెప్పించి పక్కన పెట్టుకుంది. అణిమ చాలా సౌమ్యంగా రేడియో తీసెయ్యమంది. చేతిగడియారం తీసెయ్యమంది. పాత చీర కట్టుకుని కుళాయి దగ్గర బిందెతో నిలబడమంది. మధ్యాహ్నం కుళాయి రాదని దాలమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, ఎండకు కళ్లు చికిలించుకుని ఆవిడ నిలబడింది.

నాలుగేళ్ల తర్వాత, 1965 ఆగస్టులో, జ్ఞానప్రకాశం మాస్టారి పేర కలకత్తా నుంచి పార్సెలు వచ్చింది. అణిమ రాసిన ఇంగ్లీషు పుస్తకం. ఆదివారం పొద్దున్న బడి వరండాలో వీధంతా చేరింది. దాలమ్మ గులాబీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మాస్టారు ముందే పుస్తకమంతా చదివినట్టున్నారు, ముఖంలో ఏదో ఇబ్బంది ఉంది. ఒక్కో పేజీ తిప్పి ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

ఒక్కో క్వార్టర్లో సగటున పదకొండు మంది నివసిస్తారని ఉంది. అందరూ తలలు ఊపారు. కార్మికులు గడియారాన్ని దైవంగా కొలుస్తారని ఉంది. ఎర్రయ్య లేచి వెళ్లిపోబోయాడు, పక్కవాళ్లు కూర్చోబెట్టారు. భర్త తరఫు బంధువు రూపంలో తిరిగే ఒక ఆడ దెయ్యం ఇత్తడి సామాను ఎత్తుకుపోతుందని ఇక్కడి స్త్రీల నమ్మకమని ఉంది. ఎదురు క్వార్టర్లోని ఆడబిడ్డ కూడా అక్కడే కూర్చుని, ఆ దెయ్యం ఎవరింట్లోదో అని పక్కావిడను ఆసక్తిగా అడిగింది. ఇత్తడి సంగతీ, బంధువు సంగతీ అణిమకు ఎలా తెలిసాయో నాకిప్పటికీ అర్థం కాదు. బహుశా మా అత్త చేతులు తిప్పుతూ చూపించిన చెంబు ఆకారం, మాటమాటకీ మా మామగారి వైపు పొడిచిన వేలు చూసి రాసుకుని ఉంటుంది.

తర్వాత ఫొటో వచ్చింది. పేజీ నిండా దాలమ్మ, చంకలో బిందె. కింద మూడు లైన్ల ఇంగ్లీషు. మాస్టారు అది చూసి, "ఇది మన దాలమ్మ" అని పేజీ తిప్పబోయారు.

దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మాస్టారూ, అచ్చు సూత్తే మూడు లైన్లున్నాది. మీరు సూత్తే మూడు మాటలే సెప్పినారు" అంది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. అంతే రాసుందన్నారు.

"పదేళ్ల నుంచి ఆస్పత్రిలో నాను సేత్తన్న పని అదే బాబూ. పొట్టి సేసినోల్ల మొకం ఎలాగుంటాదో నాకు తెల్దా? ఉన్నదున్నట్టు సెప్పండి."

మాస్టారు గొంతు తగ్గించి చెప్పారు. పేరు లక్ష్మి. వయస్సు సుమారు అరవై. నిరక్షరాస్యురాలు. ఆఖరి ముక్క దగ్గర ఆయన గొంతు మరీ సన్నబడింది, పలక పట్టించింది ఆయనే కాబట్టి. వరండాలో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాతి పేజీలో, ఈ వీధి స్త్రీలు మితభాషులని, ఏ ప్రశ్నకైనా రెండు మూడు మాటల్లో జవాబు చెప్పి ఊరుకుంటారని ఉంది. అప్పుడు మాత్రం మా మామగారితో సహా మగవాళ్లందరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. దాలమ్మ నవ్వలేదు.

ఎర్రయ్య సరదాకి రెండు రోజులు ఆవిణ్ని "ముసిలీ" అని పిలిచాడు. మూడో రోజు పొయ్యి వెలగకపోవడం చూసి మానేశాడు. దాలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. అద్దంలో చూసుకోవడం మాత్రం ఎక్కువైంది. వారం తర్వాత గోల్‌బజార్లో ఒక గీతల నోటుబుక్కూ, పెన్సిలూ కొనుక్కుని, నన్ను రమ్మని, ఇందా బయల్దేరింది. అణిమ దసరాలకు అక్కడికి వస్తుందని ఆవిడకు తెలుసు. కొట్లాడ్డానికనుకుని నేను భయపడ్డాను. రిక్షాలో కూర్చున్నాక చెప్పింది, ప్రశ్నలడగడానికని. నలభై ఇళ్లలో నలభై సార్లు తిప్పి చెప్పిన ప్రశ్నలు ఆవిడకు వరసతప్పకుండా నోటికొచ్చు.

ఆ ఇంట్లో అప్పటికి అణిమ ఇంకా రాలేదు. మేనత్త ఉంది. అందరూ ఆవిణ్ని పిషీమా అనేవాళ్లు. తెల్లచీర, కత్తిరించిన జుట్టు, డెబ్భై ఏళ్లుంటాయి. దాలమ్మ వరండాలో చాప మీద కూర్చుని, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, పేరు అడిగింది. పిషీమా కాసేపు ఆలోచించింది. ఆవిణ్ని పేరు అడిగినవాళ్లు చాలా ఏళ్లుగా ఎవరూ లేరు. కాదంబిని అని చెప్పింది. ఆ తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. మొదటి రోజు ఏడో ప్రశ్న దాటలేదు. మళ్లీ శనివారం రమ్మంది. నాలుగు శనివారాలు వెళ్లాం. దాలమ్మ అంత పెద్ద మాటలను పొట్టి చెయ్యకుండా రాయడానికి అవస్థపడేది, నోటుబుక్కులు మూడయ్యాయి.

అయిదో శనివారం వెళ్లేసరికి అణిమ ఉంది. అప్పటికి ఉద్యోగం కూడా చేస్తోంది. దాలమ్మను చూసి సంతోషంగా లేచి వచ్చి, పిన్నిని పిలిచినట్టు, "ఎలా ఉన్నారు మాషీ, పుస్తకం నచ్చిందా?" అంది. వాళ్లు మాట్లాడుకున్నది బెంగాలీలో. నాకు అప్పటికి ఆ భాష వచ్చేసింది కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

పుస్తకం గురించి తర్వాత మాట్లాడుకుందామని, ముందు ఇక్కడ తన పని అవ్వాలని దాలమ్మ చెప్పి పెన్సిలు తీసింది. ఇంట్లో ఎంతమంది, ఏ పూట ఏం తింటారు, ఎవరు ముందు తింటారు. అణిమ మొదట నవ్వుతూనే జవాబులు చెప్పింది. వయసు దగ్గరికి వచ్చేసరికి కొంచెం ముద్దుగా, "మీకెంత అనిపిస్తోంది?" అంది.

దాలమ్మ ఆవిణ్ని ఒకసారి కిందినుంచి పైదాకా చూసి రాసుకుంది.

అణిమ తొంగి చూసింది. తెలుగు అంకెలు అర్థం కాలేదు. "ఎంత రాశారు?"

"యాబై."

అణిమకు ముప్పై ఒకటి. ముఖం ఎర్రబడింది. దాలమ్మ తర్వాతి ప్రశ్నకు వెళ్లింది. పెళ్లి ఎందుకు కాలేదు, కాకపోతే ఇంట్లో ఏ శాంతి చేయించారు, పనికి పోయేముందు ఏ దేవుడికి దండం పెడతారు. అణిమ ఇవన్నీ సొంత విషయాలంది.

"అరవై ఏడో ప్రెశ్న దిదిమణీ" అంది దాలమ్మ. "నలబై ఇల్లల్లో మీకోసం నానే అడిగినాను. సొంత ఇసయమని ఎవులూ అన్నేదు."

అణిమ కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుంది. ఇంతసేపూ ఏం రాశారో చదివి వినిపించమంది. దాలమ్మకు వచ్చింది వాచకంలోని తెలుగు కాబట్టి ఆవిడ రాత అంతా వాచకంలాగే ఉండేది. చదువుతూ బెంగాలీలో చెప్పింది.

"ఇందాలో బెంగాలీవారు నివసించుదురు. వీరికి మాటలు మెండు. ఇంటికి సగటున గొడుగులు ఆరు. ఉదయమున లేచినది మొదలు ఒకరి కడుపు సంగతి మరియొకరు అడుగుదురు. మగవారు చలికి మిక్కిలి భయపడి కార్తికములోనే తలకు ఉన్నిటోపీ తొడుగుదురు. ఇంటికొక చిన్న చెక్కపెట్టె గలదు. అందు తెల్లని తియ్యని గుళికలు ఉండును. ఆ పెట్టెకు ఇంటివారందరూ భక్తితో లోబడియుందురు. భర్త పోయిన స్త్రీ వేరే పొయ్యి మీద తన కూడు తానే వండుకొని ఒంటిపూట తినును. చేప వాసన వచ్చినప్పుడు తలుపు మూసుకొనును."

"మాషీ, ఇది మా ఒక్క ఇల్లు" అంది అణిమ. "ఇందాలో అందరూ ఇలా ఉండరు."

"మీరు మా వీది ఒక్కటే సూసి ఆంద్రా వోల్లంతా ఇలాగని రాసినారు కదేటి."

"అది వేరు. పిషీమాకి మేం ఏ లోటూ చెయ్యలేదు. ఆవిడ విడిగా తింటుందంటే దానికి వెనక ఎంతో ఉంది, నాలుగు మాటల్లో చెప్పేస్తే..." అని అణిమ ఆగిపోయింది.

అప్పటిదాకా గోడవారగా కూర్చుని తమలపాకులు చుడుతున్న పిషీమా తల ఎత్తింది. "అది నేను చెప్పిన మాటే. నన్నడిగి రాసుకుంది. నువ్వు ఎప్పుడైనా అడిగావా?"

అణిమ లోపలికి వెళ్లి తనే టీ పెట్టుకొచ్చింది. గ్లాసు దాలమ్మ చేతికిచ్చి, పుస్తకంలో ఏది బాధ పెట్టిందో చెప్పమంది. దాలమ్మ ముందు అరవై సంగతి ఎత్తింది. మీరు వయసు చెప్పలేదు కాబట్టి ముఖం చూసి రాశానంది అణిమ. ఆ జవాబు గాయానికి మందు కాలేదు, కారమైంది. పేరెందుకు మార్చావంటే, చదివినవాళ్లు గుర్తుపట్టి మీకు చెడ్డపేరు రాకూడదని అలా మారుస్తామని, అది తమ చదువులో పద్ధతని చెప్పింది.

"గుర్తు పట్టకూడదనే పేజీడంత పొటో ఏసినారేటి?"

అణిమ నవ్వేసింది. ఆ నవ్వులో ఓటమి ఉంది, దాలమ్మ కూడా కొంచెం నవ్వింది. బడికి పోలేదన్నానే గాని చదువు రాదని ఎప్పుడన్నానని అడిగింది. అణిమ ఆవిడ ఒళ్లో ఉన్న నోటుబుక్కు వైపు చూసి, అది తన తప్పేనని ఒప్పుకుంది. కాగితం మీద ఆ రెండింటికీ ఒకటే గడి ఉందట.

తర్వాత అణిమ, ఆడవాళ్లు రెండు మూడు మాటలకంటే మాట్లాడరని రాసిన చోట మగవాళ్లందరూ నవ్వారని మాస్టారు తనకు ఉత్తరం రాశారని, ఎందుకు నవ్వారో తెలియలేదని అంది. దాలమ్మ నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను. ఆస్పత్రిలో డాక్టరు కోసం చేసినట్టే ఇక్కడా చేశానని, పావుగంట మాటను ఒక్క ముక్క చేశానని, దెయ్యం సంగతి అసలు అలా కాదని దాలమ్మ నెమ్మదిగా బయటపెట్టింది. వేపమండల మొక్కుల్లో సగం పెన్సిలు కోసం పుట్టినవని కూడా చెప్పింది. అన్యాయం జరిగిందని చెప్పడానికి వచ్చిన మనిషికి, అందులో తన చెయ్యీ ఉందని ఒప్పుకోవడం తేలిక కాదు. అణిమ రెండు చేతుల్లో తల పట్టుకుని, ఆ పుస్తకానికి తనకు పెద్ద పట్టా ఇచ్చారని చెప్పింది. పిషీమా పడీపడీ నవ్వింది.

అచ్చయిన పుస్తకాన్ని మార్చలేరు. అణిమ 1967 శీతాకాలంలో మళ్లీ మా వీధికి వచ్చింది. ఈసారి కాగితాల కట్ట లేదు, ఎదుటివాళ్లు చెప్పదలచుకున్నదే వింటానంది. దాలమ్మ కూడా ఈసారి ఒక్క మాట విడవకుండా తిప్పి చెబుతానని ఒట్టుపెట్టుకుంది. ఎర్రయ్య ముందుగా పట్టుకున్నాడు ఆవిణ్ని. మూడు రోజులు వరసగా రివెట్లు, పైపులు, ఆవిరి ఒత్తిడి. అతను సుత్తి మాటలు మాట్లాడితే వాటికి బెంగాలీ లేక దాలమ్మ చేతులతో కొట్టి చూపించాల్సి వచ్చింది. బాయిలర్ లోపల పనిచేసి అతనికి ఎడమ చెవి వినబడదని నాకు అప్పుడే తెలిసింది. ఏడేళ్లుగా పక్కింట్లో ఉండి, పిలిస్తే పలకడని నేను అతన్ని గర్విష్ఠి అనుకున్నాను.

మా అత్త తన పావుగంటను ఈసారి గంటన్నర చేసింది. దాలమ్మ ఉన్నదున్నట్టు, గట్టి గొంతుతో, చెంబుతో సహా చెప్పింది. ఎదురు క్వార్టర్లో ఆడబిడ్డకు బెంగాలీ బాగా వచ్చు. కిటికీలోంచి అంతా విని, రెండేళ్ల కింద పుస్తకంలో తను నోరు తెరుచుకుని విన్న దెయ్యం తనేనని ఆవిడకు అర్థమైంది. చెంబు పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఆ రోజు జరిగిన గొడవకు జ్ఞానప్రకాశం మాస్టారు బడికి సెలవిచ్చి రావలసి వచ్చింది. గొడవ మధ్యలో మా అత్తా, ఆడబిడ్డా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎప్పుడో చనిపోయిన మా అత్త అత్తగారి, అంటే ఆ ఆడబిడ్డ తల్లి చెంబది. ఇద్దరికీ ఆవిడంటే ప్రాణం.

అణిమ సంచిలోంచి నోటుబుక్కు తియ్యబోయింది. దాలమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఇది రాయకు దిదిమణీ. ఇది ఈళ్లది."

అణిమ కారణం అడగలేదు. మా వాకిట్లో కూర్చుని, ఇద్దరికీ మంచినీళ్లు అందించింది.

ఆ తిరుగుడంతా కలిపి అణిమ ఒక పెద్ద వ్యాసం రాసింది. పాత పుస్తకంలో తను ఏవేవి తప్పు రాసిందో అందులో వరసగా చెప్పుకుంది. 1969లో అది అచ్చయిన పత్రిక వచ్చింది. మాస్టారు వరండాలో కూర్చుని, చుక్క కూడా వదలకుండా చదివారు. దాలమ్మ పేరు దాలమ్మ అనే ఉంది. వయసు నలభై ఎనిమిది. తెలుగు చదవడం, రాయడం వచ్చు, నాలుగు భాషలు మాట్లాడుతుంది. ఎర్రయ్య చెవి గురించి రెండు పేజీలున్నాయి, అవి విని అతను మళ్లీ మొదట్నుంచి చదవమన్నాడు. చెంబు గొడవ ఎక్కడా లేదు. మా అత్త కొంచెం నిరుత్సాహపడింది. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఈ వ్యాసంలో సగం దాలమ్మగారిదేనని, అది చెప్పకపోవడం అన్యాయమని ఉంది.

అందరూ దాలమ్మ వైపు చూశారు. ఆవిడ పొంగిపోతుందనుకున్నాం. ఆవిడ కనుబొమ్మలు ముడిచి, "ఏ సగం?" అంది.

మాస్టారికి తెలియలేదు. రాయలేదన్నారు.

దాలమ్మ పత్రికను ఇంటికి పట్టుకెళ్లింది. మూడు వారాలు రోజూ మధ్యాహ్నం మాస్టారు ఒక్కో వాక్యం తెలుగు చేసి చెబుతుంటే, తను చెప్పినదాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసింది. అణిమ సొంతంగా అన్నదాన్ని వదిలేసింది. పిషీమా మాట ఒకటి ఎలాగో అందులోకి వచ్చేస్తే, దాని పక్కన కాదంబిని అని తెలుగులో రాసింది. రెండుచోట్ల తను చెప్పినమాట అణిమ ఇంకా బాగా చెప్పిందనిపించి, గీత గీసి, ఆలోచించి, చెరిపేసింది. చివరికి లెక్క చూస్తే ఎర్రగీతలు సగం కంటే ఎక్కువే వచ్చాయి. పత్రికను గుడ్డలో చుట్టి, కుట్టి, రిజిస్టరు పోస్టులో కలకత్తా పంపించింది. పోస్టాఫీసు కిటికీ దగ్గర గుమాస్తా, పంపేవారి పేరు రాయడానికి ఎవరైనా ఉన్నారా అని హిందీలో అడిగాడు. దాలమ్మ అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది.